నాసిరకం స్లాషర్ సినిమాను తనివితీరా చూడటం ఎలా

ముసుగు హంతకుడు గొడ్డలి పైకెత్తాడు. ఎత్తిన గొడ్డలిని దించకుండానే, కళ్ల మీదికి జారిన ముసుగును రెండో మోచేత్తో పైకి నెట్టుకున్నాడు. ఆ తర్వాత తీరిగ్గా నరికాడు. దర్శకుడు ఆ ముక్కను కత్తిరించలేదు. మళ్లీ తీయడానికి ఆయన దగ్గర ఫిల్ము గాని, పొద్దు గాని మిగిలి ఉండకపోవచ్చు. హనుమకొండలో మా డాబా మీద, సున్నం కొట్టిన మెట్లగది గోడ మీద చూసిన ఆ సినిమా పేరు ఇప్పుడు మాలో ఎవరికీ గుర్తు లేదు గాని, ఆ మోచెయ్యి మాత్రం మా ఇంట్లో నానుడిగా స్థిరపడిపోయింది. ఎవరైనా పని మధ్యలో కళ్లద్దాలు సర్దుకుంటే చాలు, "గొడ్డలి దించకురా" అంటారు.

స్లాషర్ అంటే కత్తో గొడ్డలో పట్టిన హంతకుడొకడు ఒక గుంపులోని వాళ్లను ఒక్కొక్కరిగా వేటాడే సినిమా. ఈ జాతిలో మంచివి కొన్నే ఉన్నాయి, చెడ్డవి లెక్కకు మించి ఉన్నాయి. మంచి సినిమా తన కష్టాన్ని కనపడనివ్వదు. చెడ్డ సినిమాలో ఎవరు ఎక్కడ తంటాలు పడ్డారో, డబ్బు ఎక్కడ అయిపోయిందో, ఎవరికి నిద్ర ముంచుకొచ్చిందో అంతా తెర మీదే ఉంటుంది. దాన్ని చదవడం నేర్చుకుంటే గంటన్నర వృథా కాదు. వెక్కిరించడం కోసమే కూర్చునేవారికి పావుగంటలో విసుగు పుడుతుందని అనుభవం మీద చెబుతున్నాను, ఎందుకంటే మొదట్లో నేనూ వెక్కిరించడానికే కూర్చునేవాణ్ణి.

మొదటి మెట్టు: ఏ రకం చెత్తో తేల్చుకోవడం

చెత్తలో రకాలున్నాయి. పేదరికం వల్ల చెడిన సినిమా వేరు, బద్ధకం వల్ల చెడిన సినిమా వేరు, కావాలని చెత్తగా తీసి కన్నుగీటే సినిమా వేరు. మొదటి రకాన్నే ఎంచుకోవాలి. అందులో ఎవరో ఒకరు నిజంగా భయపెట్టాలని ప్రయత్నించి ఉంటారు, ఆ ప్రయత్నం విఫలమైన తీరులోనే మనకు కావలసిన రుచి ఉంటుంది. మూడో రకాన్ని నేను దగ్గరికి రానివ్వను. తన జోకుకు తానే ముందుగా నవ్వేవాడి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

ఇంత చెత్త ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' సుమారు 3 లక్షల పాతికవేల డాలర్లతో, ఇరవై రోజుల చిత్రీకరణతో పూర్తయి, ఒక్క అమెరికాలోనే దాదాపు 4 కోట్ల 70 లక్షల డాలర్లు వసూలు చేసింది. 1980లో వచ్చిన 'ఫ్రైడే ది థర్టీన్త్' అయిదున్నర లక్షల డాలర్ల ఖర్చుకు అక్కడే 4 కోట్ల దాకా తెచ్చింది. ఈ లెక్క చూసిన తర్వాత, ఒక అడవీ, ఒక కత్తీ, పదిమంది కొత్త నటులూ దొరికిన ప్రతి నిర్మాతా రంగంలోకి దిగాడు. అందుకే 1980 నుంచి 1985 వరకు వచ్చిన సినిమాల్లో వెతకండి. అప్పుడు ఫిల్ము ఖరీదైన సరుకు కాబట్టి తప్పు జరిగినా మళ్లీ తీసే స్తోమత ఉండేది కాదు, కంప్యూటరు రక్తం లేదు కాబట్టి ప్రతి గాయాన్నీ ఎవరో ఒకరు చేత్తో తయారుచేయక తప్పేది కాదు.

నిడివి 90 నిమిషాలు దాటితే పక్కన పెట్టండి. పోస్టరు మీద హంతకుడి ఆయుధం స్పష్టంగా ఉంటే అది శుభసూచకం. కనీసం ఒక ఆలోచన ఉందన్నమాట. మొదటి పది నిమిషాలు ముందుగా ఒంటరిగా చూసి, బొమ్మ కంటికి ఆనుతుందో లేదో సరిచూసుకోండి. ఈ జాగ్రత్త తీసుకోకుండా ఒకసారి ఆరుగురిని పిలిచి, నలుపు తప్ప మరేమీ కనబడని ప్రింటు ఒకటి వేశాను. గంటసేపు అరుపులు మాత్రమే విన్న మా బావ, ఇంతకంటే రేడియో నాటకం నయమని చెప్పి కిందికి దిగి పడుకున్నాడు. సినిమాకు ఏ లోపమున్నా ఫర్వాలేదు గాని, కనబడకపోవడం, విసుగు పుట్టించడం అనే రెండింటికి మాత్రం మందు లేదు.

రెండవ మెట్టు: ఎముకల గూడును గుర్తుపట్టడం

మా వైపు పల్లెల్లో చిందు యక్షగానం చూడటానికి పోయేవాళ్లలో కథ ఏమవుతుందో తెలుసుకోవాలని పోయేవాళ్లు ఎవరూ ఉండరు. కథ అందరికీ తెలుసు. ఈ మేళం దాన్ని ఎట్లా ఆడుతుంది, ఫలానా వేషగాడు ఫలానా చోట ఎట్లా అడుగు వేస్తాడు అన్నదే అక్కడి ఆసక్తి. స్లాషర్‌నూ అదే చూపుతో చూడాలి, అందుకు దాని కట్టుబాట్లు ముందే తెలిసి ఉండాలి.

పాత నేరం ఒకటి ఉంటుంది. దాన్ని గుర్తుచేసే రోజు ఒకటి వస్తుంది. పండుగో, వార్షికోత్సవమో, పుట్టినరోజో. జనసంచారం లేని చోటికి యువతీయువకులు వస్తారు. పోవద్దని ఒక ముసలివాడు చెబుతాడు, వాళ్లు పోతారు. హంతకుడి కళ్లతో కెమెరా చెట్ల చాటు నుంచి చూస్తుంది. ఒక్కొక్కరే చస్తారు. చివరికి ఒక అమ్మాయి మిగిలి, పోరాడి, బతుకుతుంది. ఈ అమ్మాయికి 'ఫైనల్ గర్ల్' అన్న పేరును కారల్ క్లోవర్ అనే అమెరికన్ పండితురాలు 1987లో రాసిన వ్యాసంలో స్థిరపరిచారు. 1960లో హిచ్‌కాక్ తీసిన 'సైకో'ను ఈ వంశానికి మూలపురుషుడిగా చెబుతారు. 1996 నాటి 'స్క్రీమ్'కు వచ్చేసరికి ఈ కట్టుబాట్లను పాత్రలే సినిమాలో ఒకరికొకరు అప్పజెప్పుకుంటాయి.

మొదటిసారి చూడబోయేవారు నాసిరకాన్ని చూసే ముందు రోజు 'హాలోవీన్' చూసి ఉంటే మంచిది. చక్కగా పాడిన పాట చెవిలో ఉంటేనే అపస్వరం వినబడుతుంది. తెలుగులోనే కావాలనుకుంటే, పూర్తిగా ఈ జాతికి చెందినది కాకపోయినా, వంశీ దర్శకత్వంలో 1985లో వచ్చిన 'అన్వేషణ' చూడండి. అడవిలో వరుస హత్యలు జరిగే ఆ సినిమాలో ఇళయరాజా సంగీతం ఎక్కడ మోగుతుందో, ఎక్కడ ఆగుతుందో గమనిస్తే, రేపు మీరు చూడబోయే సినిమాలో లేనిదేమిటో ముందుగానే తెలిసిపోతుంది.

మూడవ మెట్టు: చోటు, చీకటి, చిరుతిండి

ఒంటరిగా చూస్తే లోపాలు నీరసం తెప్పిస్తాయి, పాతికమంది కలిసి చూస్తే గోల తప్ప ఏమీ మిగలదు. నలుగురి నుంచి ఆరుగురి దాకా సరిగ్గా సరిపోతారు. వారిలో నిజంగా భయపడే మనిషి ఒకరు, ఇటువంటి సినిమా ఎన్నడూ చూడని మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. వీటికి సాధారణంగా 'ఏ' సర్టిఫికెట్టే ఉంటుంది కాబట్టి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను ఎంత బతిమాలినా పైకి రానివ్వకూడదు. మా అక్క కొడుకు మెట్ల మీద దాక్కుని చూసిన సంగతి, వారం పాటు వాడు స్నానాలగది తలుపు వేసుకోనన్నప్పుడు గాని మాకు తెలియలేదు.

ఓరుగల్లు ఎండాకాలంలో డాబా చల్లబడటానికి రాత్రి తొమ్మిదిన్నర దాటాలి. సాయంత్రం ఆరింటికే రెండు బకెట్ల నీళ్లు చల్లి, చాపలు పరచి, ప్రొజెక్టరు లేకపోతే కింద గదిలోని టీవీతోనే సరిపెట్టుకుని, దీపాలన్నీ ఆర్పేయండి. స్పీకరును తెర వెనక గాని పక్కన గాని పెట్టాలి, ప్రేక్షకుల వెనక పెట్టకూడదు. చవక సినిమాకు సగం ప్రాణం శబ్దంలోనే ఉంటుంది. అది బొమ్మ నుంచి విడిపోతే ఉన్న ఆ కాస్తా పోతుంది. అర్ధరాత్రి కాజీపేట వైపు నుంచి వినిపించే రైలు కూతలు మీ అదృష్టం మేరకు సరైన చోట పడతాయి. ఒకసారి హంతకుడు తలుపు తెరిచిన క్షణానికే గూడ్సు బండి కూత పడితే, మా వదిన చేతిలోని చెంబు నాలుగు మెట్లు దొర్లింది. ఆ సినిమా సంగీత దర్శకుడు చేయలేని పనిని రైల్వే వాళ్లు చేసి పెట్టారు.

చిరుతిండి విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకోండి. సకినాలు నమిలితే పక్కవారి చెవికి సంభాషణ అందదు. కాబట్టి పాత్రలు మాట్లాడుకుంటున్నంతసేపు తినవచ్చు, కెమెరా చెట్ల చాటుకు పోగానే నోరు ఆపాలి. ఈ సినిమాల్లో సంభాషణ పోతే పోయేదేమీ లేదు. సర్వపిండి అయితే చప్పుడు తక్కువ గాని, చేతికి నూనె అంటుతుంది. రిమోటు ఎవరి దగ్గర ఉందో చూసుకుని పంచండి.

నాలుగవ మెట్టు: మొదటి పావుగంట మౌనం

మొదటి పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. సినిమా మిమ్మల్ని భయపెట్టడానికి చేసే ప్రయత్నానికి న్యాయంగా ఒక అవకాశం ఇవ్వాలి. ఈ లోపాలున్నాయి చూడండి అని ముందే చెప్పడం నేను చేసిన పెద్ద పొరపాటు. చెప్పిన తర్వాత అందరూ లోపాల కోసమే కాచుకుని కూర్చున్నారు, ఒక్కటీ తమంతట తాము కనిపెట్టిన ఆనందం ఎవరికీ దక్కలేదు.

పావుగంట తర్వాత నోరు విప్పవచ్చు. అయితే దానికీ ఒక పద్ధతి ఉంది. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కనున్న వంతవాళ్లు దానికి ఊతమిస్తారు, ప్రశ్న వేస్తారు, అవసరమైన చోట నవ్విస్తారు, కానీ కథ మీదికి ఎక్కి కూర్చోరు. మీ వ్యాఖ్యానం ఆ పాటిగా ఉండాలి. తెర మీది మనిషికి సలహా ఇవ్వడం అన్నిటికంటే శ్రేష్ఠమైన వ్యాఖ్యానం: "ఓ బిడ్డా, ఆ తలుపు తియ్యకు", "లైటెయ్యి పిల్లా, స్విచ్చు పక్కకే ఉన్నది". ఇటువంటి మాటల్లో వెక్కిరింత తక్కువ, పాత్ర మీద కనికరం ఎక్కువ. అనుకోకుండా ఆ చెడ్డ నటి మీద ఒక రకమైన ఆపేక్ష కూడా కలుగుతుంది.

ఐదవ మెట్టు: అతుకులు వెతకడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. తప్పు కనబడగానే నవ్వేసి వదిలేయకుండా, అది ఎందుకు జరిగి ఉంటుందని అడగడం అలవాటు చేసుకుంటే, మామూలుగా సినిమా పత్రికల్లో దొరకని చదువు దొరుకుతుంది.

రాత్రితో మొదలుపెట్టండి. నిజమైన రాత్రిలో చిత్రీకరించాలంటే పెద్ద దీపాలు, జనరేటర్లు, అదనపు కూలి కావాలి. అవి లేనివారు పట్టపగలు చిత్రీకరించి, వెలుగును తగ్గించి, నీలిరంగు పులిమి రాత్రి అనిపించేవారు. మనిషి ముఖాన్ని చూడకుండా కాళ్ల దగ్గరి నేలను చూడండి. అర్ధరాత్రి అన్న చోట నల్లగా, పదునుగా నీడ పడి ఉంటే అది సూర్యుడి నీడే. మా డాబా మీద ఈ పందెం ఎప్పుడూ మా బామ్మర్దిదే. వాడు వ్యవసాయం చేస్తాడు, నీడ పొడుగును బట్టి "ఇది పగటీలి మూడున్నర" అని గంట కూడా చెబుతాడు.

కాలాలూ అంతే. 'హాలోవీన్' కథ అక్టోబరు చివరన, ఆకురాలు కాలంలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక ఊళ్లో జరుగుతుంది. చిత్రీకరణ మాత్రం వసంతంలో కాలిఫోర్నియాలో జరిగింది. రంగు వేసిన కాగితపు ఆకులను వీధిలో వెదజల్లి, షాటు అయిపోయాక వాటినే పోగుచేసుకుని, తర్వాతి చోట మళ్లీ చల్లేవారు. గొప్పదని పేరొందిన సినిమాలో కూడా జాగ్రత్తగా చూస్తే పైన చెట్లన్నీ పచ్చగా కనిపిస్తాయి. 'ఫ్రైడే ది థర్టీన్త్' వేసవి శిబిరం కథ, తీసింది 1979 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. చెరువులో దిగి కేరింతలు కొట్టే కుర్రవాళ్లు లోపల ఎంత వణికారో ఊహించుకుంటూ చూస్తే, ఆ నటన మీద మీ అంచనా మారిపోతుంది.

ముసుగుకు వచ్చేసరికి, హాలోవీన్ హంతకుడి ముఖం అసలు రెండు డాలర్లకు లోపే దొరికిన దుకాణం సరుకు. 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ టీవీ సీరియల్లో కెప్టెన్ కిర్క్ పాత్ర ముఖాన్ని పోలిన తొడుగును కొని, కనుబొమలు పీకి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టారు. ఆ చవకతనమే దానికి ఆ శూన్యమైన చూపును తెచ్చింది. ఈ విజయాన్ని చూసి తర్వాతివారు గోనెసంచి దగ్గర నుంచి గనికార్మికుడి తొడుగు వరకు దొరికినదల్లా వేసి చూశారు. మీ సినిమాలోని ముసుగును చూసినప్పుడు, దానిలో నుంచి నటుడికి దారి కనబడుతోందా అని అడగండి. మెల్లగా, తడబడుతూ నడిచే చాలామంది హంతకుల గంభీరతకు కారణం ఎదురుగా ఏముందో కనబడకపోవడమేనని నా అనుమానం.

రక్తం రంగు ఇంకొక కొలమానం. నలుపు తెలుపుల 'సైకో'లో స్నానాలగది రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు, ఎందుకంటే అక్కడ కావలసింది ఎరుపు కాదు, చిక్కదనం. రంగుల్లోకి వచ్చాక మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు కలపడం మామూలైంది. రంగు కలిపినవాడు నేర్పరి అయితే అందులో కాస్త పసుపు, కాస్త ముదురు కలిసి ఆరిన గాయంలా ఉంటుంది. నేర్పు లేకపోతే ఎండాకాలం షర్బతులా మెరుస్తుంది. షర్బతు రక్తం కనబడగానే చొక్కా మీద మరక తర్వాతి షాటులో అదే ఆకారంలో ఉందో లేదో చూడండి. ఉండదు. పాకం కారిపోతుంది, చొక్కాకు అంటుకుంటుంది, చీమలు పడతాయి. ఉతికి మళ్లీ తొడిగి మళ్లీ పోయాలి.

గాయాల విషయంలో మాత్రం నవ్వు ఆపి దగ్గరికి జరగండి, ఎందుకంటే ఎంత చెడ్డ సినిమాలోనైనా మేకప్ మనిషి నిజాయితీగా కష్టపడి ఉంటాడు. 'ఫ్రైడే ది థర్టీన్త్'లో, అప్పటికి కొత్తవాడైన కెవిన్ బేకన్ మంచం మీద పడుకుని ఉండగా కింది నుంచి బాణం గొంతులోకి దూసుకువస్తుంది. మేకప్ నిపుణుడు టామ్ సవీని బృందం చేసిన ఆ ఏర్పాటులో నటుడి తల మాత్రమే పరుపు రంధ్రంలో నుంచి పైకి ఉంటుంది, మెడ, ఛాతీ అచ్చుపోసిన తొడుగు. రక్తం పంపే గొట్టం ఆ క్షణానికి మొరాయించింది. తొడుగు చిరిగితే రెండోసారి తీయడం కుదరదు. మంచం కింద ఉన్న సహాయకుడు గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఊదాడు, రక్తం బుడగలుగా పొంగింది, ఆ సన్నివేశం చరిత్రలో నిలిచింది. మీరు చూసే పేరులేని సినిమాలో కూడా ఏదో ఒక మంచం కింద అటువంటివాడు ఒకడు ఉండి ఉంటాడు. వాడికి అదృష్టం కలిసిరాలేదు, అంతే.

శబ్దాన్ని విడిగా వినండి. 'సైకో'లో కత్తిపోటు చప్పుడు కోసం పుచ్చజాతి పండ్లను పొడిచి చూసి, ఒకదాన్ని ఎంచుకున్నారు. ఎముకలు విరిగే చప్పుళ్లు ఎక్కువగా సెలరీ కాడలవే, కోసిన కూరగాయలవే. కళ్లు మూసుకుని ఒక హత్యను వింటే, వంటింట్లో ఎవరో సొరకాయ తరుగుతున్నట్టు ఉంటుంది.

కొన్ని తప్పులు తీసినవారివి కావన్న సంగతి కూడా తెలిసి ఉండాలి; న్యాయంగా చూడటం ఆనందాన్ని తగ్గించదు. తెర పైఅంచున వేలాడే మైకు కనిపించిందనుకోండి. ఆ రోజుల్లో చాలా సినిమాలను చతురస్రానికి దగ్గరగా ఉండే నిండు ఫ్రేములో తీసి, థియేటరులో పైనా కిందా కప్పి వెడల్పుగా చూపేవారు. వీడియో క్యాసెట్టుకూ టీవీకీ మార్చినప్పుడు ఆ కప్పును తీసేసేసరికి, థియేటరులో ఎన్నడూ కనబడని మైకు ఇంట్లో ప్రత్యక్షమైంది. హత్య సగంలో తెగి, ఎవరు ఎట్లా చచ్చారో అర్థం కాకపోతే అది సెన్సారు కత్తి కావచ్చు. 1981లో వచ్చిన 'మై బ్లడీ వాలెంటైన్' నుంచి దాదాపు తొమ్మిది నిమిషాల నెత్తుటి దృశ్యాలను తీసేయవలసి వచ్చింది. ఇక పాత్రలు కారణం లేకుండా కర్రలు, గరిటెలు, పండ్లు కెమెరా వైపు చాస్తూ ఉంటే ఆ సినిమా త్రీడీ కోసం తీసినదని గ్రహించాలి. 'ఫ్రైడే ది థర్టీన్త్' మూడో భాగం, 1982లో, అట్లా తీసిందే. ఆ వరుస సినిమాల హంతకుడు జేసన్‌కు హాకీ ముసుగు వచ్చింది కూడా అందులోనే. మామూలు తెర మీద చూసేవారికి ఆ చాపుడంతా పూనకం వచ్చినవారి చేష్టలా కనిపిస్తుంది.

తీసినవారిదే అయిన తప్పు ఒకటుంది, అది సాగతీత. నిడివి చాలనప్పుడు కారు నడుస్తూనే ఉంటుంది, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తూనే ఉంటారు. 1987 నాటి 'సైలెంట్ నైట్, డెడ్లీ నైట్' రెండో భాగంలో మొదటి సగంలో ఎక్కువ భాగం పాత సినిమా నుంచి తెచ్చిన దృశ్యాలే. ఇటువంటి చోట టీ పెట్టుకోవచ్చు. సినిమాను ఆపనక్కరలేదు.

ఆరవ మెట్టు: ఒక వస్తువును పట్టుకుని వెంటపడటం

ఈ పద్ధతిని మాకు నేర్పింది మా నాయినమ్మ. ఆమెకు ఇంగ్లీషు రాదు, కథ మీద ఆసక్తి లేదు. ఒక రాత్రి మాతో కూర్చుని, కథానాయిక చెరువు గట్టు మీద పరుగెత్తుతుంటే అడిగింది: "గా పిల్ల చెప్పులు ఏడ పోయినయ్‌రా?" నిజమే, ఇంట్లో నుంచి బయలుదేరినప్పుడు కాళ్లకు తెల్లచెప్పులున్నాయి. చెరువు దగ్గర ఉత్తకాళ్లు. కొట్టంలోకి దూరినప్పుడు బూట్లు. కొట్టం కిటికీలో నుంచి దూకిన తర్వాత ఒక కాలికే తెల్లచెప్పు. హంతకుడు ఏమయ్యాడన్న సంగతి అందరం మరచిపోయి, ఆ చెప్పుల కోసం ముప్పావుగంట ఊపిరి బిగబట్టి చూశాం. చివరికి అంబులెన్సులో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆ అమ్మాయి కాళ్లను కెమెరా ఒక్క క్షణం చూపింది. "అగో, మల్ల రెండు చెప్పులచ్చినయ్!" అని నాయినమ్మ చప్పట్లు కొట్టింది. ఆ దర్శకుడు జీవితంలో తీసిన ఏకైక ఉత్కంఠభరితమైన ముగింపు అదే అయి ఉంటుంది, ఆయనకు తెలియకుండానే.

చెప్పులు, టార్చిలైటు, జుట్టు తడి, గ్లాసులోని పాల మట్టం, గోడగడియారం, వీటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చీటీ వేసి పంచండి. ఎవరి వస్తువు లెక్క తప్పితే వారు చెయ్యెత్తాలి. ఎవరు ఏ వరుసలో చస్తారన్న పందెం కూడా కట్టుకోవచ్చు. మా ఇంట్లో ఓడినవారు పొద్దున అందరికీ టీ పెట్టాలి. డబ్బు పందెం వద్దు, హంతకుడి మీద బంధువుల మధ్య తగవులు బాగుండవు.

వస్తువులతో పాటు ముఖాలనూ వెతకండి. టామ్ హ్యాంక్స్ తొలిసారి తెర మీద కనిపించింది 1980లో వచ్చిన 'హీ నోస్ యూ ఆర్ అలోన్' అనే స్లాషర్‌లో చిన్న పాత్రలో. హాలీ హంటర్ 1981 నాటి 'ది బర్నింగ్'లో గుంపులో ఒకరు. జానీ డెప్ తొలి సినిమా 1984 నాటి 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'. పదిమంది కొత్తవాళ్లలో ఎవరు తర్వాత బతికి బట్టకట్టారో చూడటం వేరే సరదా.

ఏడవ మెట్టు: డబ్బింగును ప్రత్యేక కళగా వినడం

తెలుగు డబ్బింగు దొరికితే వదలకండి. ప్రాణభయంతో పరుగెత్తే అమ్మాయి "దయచేసి ఎవరైనా నాకు సహాయం చేయండి" అని ప్రభుత్వ ప్రకటన చదివినట్టు అంటుంది. ఓరుగల్లులో ఆ స్థితిలో ఉన్న ఏ మనిషైనా "ఓ అవ్వో, సచ్చిన్నే" అంటుంది తప్ప దయచేసి అనదు. అనువాదకుడి చేతులు కట్టేసింది పెదవుల కదలిక. తెర మీద నోరు ఎంతసేపు తెరుచుకుని ఉంటే అంతసేపు మాట సాగాలి, కాబట్టి 'హెల్ప్' అన్న ఒక్క ముక్క నాలుగుసార్లు అరిస్తే ఇక్కడ ఒక పూర్తి వాక్యం పుడుతుంది. ఒకే గొంతు పోలీసుకూ, ముసలివాడికీ, హంతకుడికీ వినిపిస్తే ఆ కళాకారుడు ఎవరికి ఏ యాస ఇచ్చాడో పోల్చి చూడండి. సంభాషణలను మన మాటలో అక్కడికక్కడే మార్చి చెప్పే ఆట కూడా బాగుంటుంది గాని, అందుకు ఒక్కరినే నియమించండి. ఇద్దరైతే పోటీ మొదలవుతుంది.

ఎనిమిదవ మెట్టు: నవ్వకూడని చోట్లు

ఈ సినిమాల్లో కొన్ని లోపాలు సరదా లోపాలు కావు. స్వేచ్ఛగా ఉన్న అమ్మాయిని ముందు చంపి, ఒద్దికగా ఉన్న అమ్మాయిని మిగల్చడం, మానసిక వ్యాధి ఉన్న మనిషంటేనే హంతకుడన్నట్టు చూపడం, అత్యాచారాన్ని తీరిగ్గా చూపడం తరచుగా కనిపిస్తాయి. వీటిని చూసి ఎవరికైనా కడుపులో తిప్పినట్టుంటే, వారు "చాలు" అన్న మరుక్షణం ఆపాలి, కారణం అడగకూడదు. కూర్చునే ముందే ఈ మాట అనుకోవడం మేలు. మాలో ఒకరు ఒకసారి అట్లా అంటే నేను "ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతది" అన్నాను. ఆమె ఆ తర్వాత రెండేళ్లు మా డాబా ఎక్కలేదు. జంతువులను నిజంగా హింసించి తీసిన సినిమాలైతే నా జాబితాలోకే రావు.

తొమ్మిదవ మెట్టు: దీపం వేసిన తర్వాత

సినిమా అయిపోగానే ఫోను తీసి ఎవరేమన్నారో చదవకండి. పదిహేను నిమిషాలు ఒకే ప్రశ్న మీద మాట్లాడుకోండి: మీ చేతికి అదే కెమెరా, అదే నటులు, అంతే డబ్బు ఇస్తే ఏ ఒక్క సన్నివేశాన్ని మారుస్తారు, ఎట్లా మారుస్తారు? డబ్బు పెంచుతానంటే కుదరదు. మా వదిన ఒకసారి, హంతకుణ్ణి చూపించడమే మానేసి తలుపు కింది సందులో నుంచి వాడి నీడను మాత్రం చూపిస్తే చాలంది. పైసా ఖర్చు లేని ఆ ఆలోచనకు ఆ వేడి రాత్రిలోనూ మా ఒళ్లు జలదరించింది, కిందికి పోయేటప్పుడు మెట్లగదిలో ఎవరు ముందు నడవాలన్న దగ్గర వాదన జరిగింది.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, సినిమా పేరు, దొరికిన అతుకుల్లో మేలైనది ఒకటి, నిజంగా బాగున్నది ఒకటి రాసుకోండి. రెండో గడిని ఖాళీగా వదలవద్దు. సంగీతం కావచ్చు, వర్షం పడిన తీరు కావచ్చు, ఒక నటి కళ్లు కావచ్చు, ఏమీ దొరకకపోతే చివర పేర్లు ఎక్కే అక్షరాల అందమైనా రాయండి. పేరు రాయడం మరవవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, మోచెయ్యి సినిమాను మళ్లీ చూడాలని ఎన్నిసార్లు వెతికినా మాకు దొరకలేదు.

దీనికి రెండో భాగం ఉందా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఉంటుంది. అయితే దాన్ని ఆ రాత్రే మొదలుపెట్టకుండా కనీసం వారం ఆగండి, ఆలోగా ఇంట్లో సకినాలు మళ్లీ నింపి పెట్టుకోండి.